నాలుగక్షరాల ఊరు

పటమటను పటం మీంచి తుడిచేసింది నేనే. ఇలా చెప్పుకుంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. పంచాయతీని తీసుకెళ్ళి విజయవాడ కార్పొరేషన్లో కలిపినవాళ్ళు కాగితాల మీద కలిపారు గానీ, ఊరి పేరును జనం వంటిళ్ళలోంచి తీయడం వాళ్ళ తరం కాలేదు. నేను తీశాను. గడ్డపారలూ బుల్డోజర్లూ అక్కర్లేకపోయాయి. పిడికిట్లో ఇమిడే కరెంటు మిషను, దాని కొసన ఒక సూది, ఎదురుగా స్టీలు గిన్నెలు, అక్షరానికి పావలా. ఒక ఊరి పేరు మాయం చేస్తూ, అందుకు కూలి కూడా ఆ ఊరివాళ్ళ దగ్గరే వసూలు చేసుకున్న బేరగాడు కృష్ణా జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి, నా కొట్టు తాళాలు వాడి చేతిలో పెట్టేస్తాను. కొట్టు ఇప్పుడు లేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ కోతలు ఇప్పుడెందుకు కోస్తున్నానంటే, మొన్న మా ఆవిడ అటక దులిపిస్తుంటే ఆ మిషను కింద పడింది. పళ్ళ డాక్టరు సామానులా ఉందని, పాత ఇనప సామాన్లవాడికి వేసేస్తానని ఆవిడ. వాడేమిస్తాడని నేను. అదిగో, ఆ ఒక్క ప్రశ్నతో మా ఆవిడకి ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా అటక మీద పడున్న వస్తువుకి కూడా బేరమాడే మనిషితో కాపురం చేయడం ఎలా ఉంటుందో ఆవిడ నాకు అరగంట వివరించింది. ఆ అరగంటలోనే ఫోను మోగింది. ఏదో సరుకు తెచ్చిన డెలివరీ కుర్రాడు. అడ్రసులో పటమట అని ఉంది సార్, బెంజ్ సర్కిల్ నుంచి ఎంత దూరం అని అడిగాడు. ఎక్కడున్నావు నాయనా అంటే చుట్టూ ఉన్న బోర్డులు చదివాడు. వాడు నిలబడ్డది పటమట నడిబొడ్డున. నువ్వున్నదే పటమటయ్యా అన్నాను. కాదు సార్, ఇక్కడ అన్ని బోర్డుల మీదా విజయవాడనే ఉంది అన్నాడు. వాణ్ణి తిట్టబోయి, ఎదురుగా ఉన్న మిషనును చూసి నోరు మూసుకున్నాను.

మా కొట్టు బందరు రోడ్డు మీద ఉండేది. కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక బావి, బావి వెనక ఎవరివో గేదెల పాకలు. ముందు నిలబడితే లారీల పొగ, వెనక నిలబడితే పేడ వాసన. గాలి ఆటోనగర్ వైపు నుంచి తిరిగిందంటే వెల్డింగు వాసన, లారీలకి కొట్టే రంగుల వాసన. మధ్యలో మేము, మా స్టీలు. కొత్త స్టీలుకి వాసనుండదంటారు తెలియనివాళ్ళు. వరిగడ్డి, పాత పేపరు, పాలిషు పొడి కలిసిన ఒక వాసన ఉంటుంది, మా అమ్మ చీరలన్నిటికీ అదే ఉండేది. నాన్న తెల్లారగట్ల కొట్టు తెరిచి, ఒక్కొక్క బిందెనూ పొడిగుడ్డతో తుడిచి, రోడ్డు మీద పోయేవాళ్ళ మొహం అందులో కనిపించేట్టు వరస పెట్టేవాడు. మనిషి తన మొహం చూసుకోవడానికి ఆగుతాడు, ఆగినవాడు ధర అడుగుతాడు, అడిగినవాడు ఎక్కడికి పోతాడు అనేది ఆయన వ్యాపార శాస్త్రం మొత్తం. అమ్మకానికి పనికొచ్చేదేదీ మా వంటింట్లోకి వచ్చేది కాదు. సొట్ట పడ్డవి, మూత కుదరనివి, పేరు తప్పు పడ్డవి మాత్రమే మా వాటా. నేను ఊహ తెలిసిన దగ్గర్నుంచీ 'సుబ్బాయమ్మ' అని రాసిన కంచంలో తిన్నాను. ఆ సుబ్బాయమ్మ ఎవరో ఇప్పటికీ తెలియదు. సుబ్బమ్మ కావలసింది, నాన్న చేతిలో జారి ఇంకో అక్షరం కలుపుకుని మా ఇంటికి చేరింది.

పటమటవాళ్ళతో వేగడమంటే ఏమిటో, వేగినవాళ్ళకే తెలుస్తుంది. పేరు చూస్తే పడమట అన్నట్టుంటుంది, ఊరేమో బెజవాడకి తూర్పున ఉంటుంది. ఇదేం పేరండీ అని ఎవరైనా అడిగితే, మాకు తూర్పునున్న కంకిపాడు వాళ్ళకి మేం పడమటేగా అనేవాళ్ళు. బెజవాడను ఆనుకుని కూర్చుని, కంకిపాడు వైపు నుంచి తమను తాము చూసుకునే జనం వాళ్ళు. కార్పొరేషన్లో కలిశాక కూడా వన్‌టౌనుకి వెళ్తుంటే 'బెజవాడ వెళ్ళొస్తా' అనేవాళ్ళు, అదేదో వేరే దేశమైనట్టు. నీళ్ళ పన్ను బెజవాడకి కట్టేవాళ్ళు, ఓటు బెజవాడకి వేసేవాళ్ళు, ఊరు మాత్రం పటమట. ఇక బేరానికి వస్తే ఆడవాళ్ళు ముగ్గురేసి వచ్చేవాళ్ళు. ఒకావిడ గిన్నె నచ్చిందనడానికి, ఇంకొకావిడ నచ్చలేదనడానికి, మూడో ఆవిడ వన్‌టౌన్లో ఇదే గిన్నె ఇంకా తక్కువని చెప్పడానికి. వన్‌టౌన్ ధర తెలిసిన ఆ మూడో ఆవిడ బందరు కాలవ దాటి ఎరగదు.

స్టీలు సామాను మీద పేరు ఎందుకు వేయించుకునేవాళ్ళో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. అప్పట్లో గిన్నె ఒక ఇంట్లో ఉండేది కాదు. ఇవాళ మా ఇంట్లో పప్పుతో వెళ్ళి, రేపు మీ ఇంట్లోంచి పచ్చడితో తిరిగొచ్చేది. పెళ్ళి పందిట్లో పది ఇళ్ళ గిన్నెలు ఒక్క కుళాయి దగ్గర తోముడు పడేవి. పేరు లేని గిన్నె అక్కడ అనాథ. అందుకని గిన్నె కొన్న ప్రతి మనిషీ పేరు వేయించేది, పేరు కింద ఊరు వేయించేది. పేర్లు వేసే పని నేను పదో తరగతి తప్పిన ఏడాది నా మీద పడింది. పాసైతే వేరే ఎవరి మీదో పడేదేమో. గిన్నెల డబ్బు నాన్నది, పేర్ల డబ్బు నాది అన్నది మా ఒప్పందం. అందులో ఉన్న ప్రమాదం నాన్నకి ఆ రోజు తెలియలేదు.

అక్షరానికి పావలా అన్నామో లేదో, పటమటవాళ్ళంతా వ్యాకరణ పండితులైపోయారు. ఒత్తు ఉంటే అది ఒక అక్షరమా రెండా? పేరు ముందు పొట్టి అక్షరం పక్కన చుక్క పెడితే చుక్కకి కూడా లెక్కా? వెంకటేశ్వర్లు అని వేయమన్న ఒకాయన చివరి 'ర్లు' అసలు అక్షరమే కాదని, అది ముందు దానికి తోక అని నాతో గంట వాదించాడు. చివరికి నాన్న గల్లా దగ్గర్నుంచి లేవకుండానే తీర్పు చెప్పాడు: "ఒత్తులు ఊరికే, చుక్కలు ఊరికే. అక్షరాలకి మాత్రం ఎవరికీ తగ్గించేది లేదండీ." ఆ తీర్పుతో నా రాబడి సగానికి పడింది. ఒత్తుల్లో పోయింది ఇంకెక్కడైనా రాబట్టుకోవాలిగా. పేరు చివర 'గారు' తగిలించడం మొదలుపెట్టాను, రెండు అక్షరాలు. గిన్నె మీద తన పేరుకి గారు వద్దనే మనిషి మా వైపు పుట్టలేదు. ఆ తర్వాత నా కళ్ళు ఊరి మీద పడ్డాయి.

పటమట నాలుగు అక్షరాలు. బెజవాడ అన్నా నాలుగే. విజయవాడ అయిదు. ఇంతే నా తెలివి. పటమట అని వేస్తే పల్లెటూరి సంబంధమనుకుంటారండీ, విజయవాడ అని వేయించండి, వియ్యాలవారి ముందు దర్జాగా ఉంటుంది అని కొత్త పెళ్ళికూతుళ్ళ తల్లులకి చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి పటమట వేయడం హాయి. గుడి లేదు, కొమ్ము లేదు, దీర్ఘం లేదు, నాలుగు అక్షరాలూ చేతులు కట్టుకుని కూర్చున్నట్టుంటాయి. విజయవాడ వేస్తే వేళ్ళు తిమ్మిరెక్కేవి. అయినా పావలా పావలానే. ఏడాది తిరిగేసరికి నేను చెప్పక్కర్లేకుండా వాళ్ళే విజయవాడ అనసాగారు. మొదటావిడ వేయించుకుంది కాబట్టి రెండో ఆవిడ, రెండో ఆవిడ వేయించుకుంది కాబట్టి వీధంతా. ఒక గిన్నె ఊరి పేరు మార్చుకుంటే పక్క గిన్నె ఊరుకుంటుందా? కానూరు నుంచి, పెనమలూరు నుంచి వచ్చినవాళ్ళు కూడా విజయవాడే వేయించుకున్నారు. కూచిపూడి పక్క పల్లె నుంచి బందరు బస్సులో వచ్చిన ఒకాయన తన ఊరికి కూడా విజయవాడ వేయమన్నాడు, ఎలాగూ కలిసిపోతుందిగా అని. నేను వేశాను. నాకేం.

ఊరంతా ఇలా పోతుంటే పోనివాడు ఒక్కడే, పున్నయ్య గారు. లంక వైపు పొలం ఉన్న రైతు. మా కొట్టు ముందు బల్ల మీద రోజూ పొద్దున్నే కూర్చుని, మా పేపరు చదివి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేవాడు. బెజవాడ వెళ్ళాలంటే ఇస్త్రీ చొక్కా, పంచె. బెంజ్ సర్కిల్ దాకా అయితే లుంగీయే. ఆయన లుంగీ ఎంతదూరం వెళ్తే అంతదూరం పటమట. ఆ సర్కిల్లో పెద్ద షోరూములు వచ్చాక కూడా ఆ అద్దాల ముందు అదే లుంగీతో నిలబడి, లోపలివాళ్ళను పరాయి ఊరివాళ్ళలా చూసేవాడు. అలాగని ఆయనేం దేవుడు కాదు, పొలం ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. అంత అభిమానమున్నవారు ఎందుకమ్మారని నాన్న ఒకసారి అడిగేశాడు. మట్టి అమ్మాను గానీ పేరు అమ్మలేదయ్యా శెట్టీ అన్నాడు. ఆయన మట్టి కొన్నవాళ్ళు దానికి ఏవేవో కాలనీల పేర్లు పెట్టుకుంటుంటే మాత్రం పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఆయన ఇంటికి ఇంకో సంగతి ఉంది. ఊళ్ళో పెళ్ళయినా, పిల్లకి ఓణీలిచ్చినా, మనిషి పోయినా కంచాలూ గ్లాసులూ గుండిగలూ పున్నయ్య గారింటి నుంచే వెళ్ళేవి. కొట్టుగది నిండా ఉండేవి, అన్నిటి మీదా 'పున్నయ్య, పటమట', గారు కూడా లేదు. అడిగినవాళ్ళకి అద్దె లేకుండా ఇచ్చేవాళ్ళు. ఆయన భార్య సామ్రాజ్యమ్మ గారు మాత్రం లెక్క పెట్టి ఇచ్చి, లెక్క పెట్టి తీసుకునేది. ఒక్క గ్లాసు తగ్గినా ఆ పెళ్ళివారి వీధంతా వెతికించేది. పటమటలో అన్నం తిన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పున్నయ్య గారి పేరు మీద తిన్నవాడే.

నా అయిదక్షరాల వ్యాపారం ఆయనకి తెలుసు. ఏరా చిన్న శెట్టీ, ఇవాళ ఎన్ని అక్షరాలు పండాయిరా అని రోజూ అడిగేవాడు, ధాన్యం దిగుబడి అడిగినట్టు. ఒకరోజు అలాగే అడిగి, నేను లెక్క చెప్తుంటే వినకుండా, నాన్న వైపు తిరిగాడు. "నా పెద్దకర్మ గిన్నెలు నీ కొట్లోవేనయ్యా శెట్టీ. నాలుగక్షరాలే వేయించు. వీడు అయిదోది వేశాడంటే తీసుకోవద్దని మా ఆవిడకి చెప్పే పోతా." నాన్న నవ్వి, అలాగేనండీ, ముందు మీరు ఒక్క చెంబైనా కొనండి అన్నాడు. నేనూ నవ్వాను. మా వైపు మనిషి పోతే పెద్దకర్మ నాడు భోజనానికి వచ్చినవాళ్ళకి ఆయన పేరు వేసిన గిన్నో గ్లాసో చేతిలో పెట్టడం ఆనవాయితీ. ఆయన మాట మాత్రం మా అందరికీ రోజూ ఆడే వేళాకోళంలాగే వినిపించింది.

ఆయన ఎండాకాలంలో, రెండు రోజుల జ్వరంతో పోయాడు. నాన్న ఆ పది రోజులూ ఆ ఇంటి దగ్గరే ఉండి పనులు చూశాడు. కొట్టు నా మీద వదిలాడు. అప్పటికి నేను పెద్దవాణ్ణయ్యాను, పేర్ల పావలాలతో నాకు పని లేదు, పెద్ద ఆర్డర్లే నేను మాట్లాడేవాణ్ణి. ఏడో రోజున పున్నయ్య గారి అల్లుడు వచ్చాడు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం, మంచివాడు, తొందరలో ఉన్నాడు. మూడు వందల గిన్నెలు కావాలన్నాడు. చీటీలో పేరు, 'జ్ఞాపకార్థం', పటమట అని ఉంది. నా నోరు దానంతటది పనిచేసింది. హైదరాబాదు నుంచి బంధువులొస్తారు కదండీ, విజయవాడ అని వేయిస్తే అందరికీ తెలిసిన ఊరు, బాగుంటుంది అన్నాను. ఆయన మీ ఇష్టమండీ, మీకు తెలుసుగా అని వెళ్ళిపోయాడు. ఆ మాట అనాల్సిన అవసరమే లేదు. పావలా ఆశ కూడా కాదు. నాలిక మీద బేరం అలవాటైనవాడు శవం పక్కనైనా రెండు మాటలు ఎక్కువ అమ్ముతాడు.

మూడు గిన్నెలు పూర్తయ్యాక గుర్తొచ్చింది. నాలుగో గిన్నె ఒళ్ళో ఉంది, 'జ్ఞాపకార్థం' దాకా వచ్చాను, సూది ఆగిపోయింది. బల్ల మీద కూర్చుని ఆయన అన్న మాట యథాతథంగా చెవిలో పడింది. ఇక్కడే నా తెలివి చూడండి. స్టీలు మీద పడ్డ అక్షరం చెరిగేది కాదు. ఇప్పుడు పటమట అని మొదలుపెడితే ఈ మూడూ దండగ. పోయినాయన పేరున్న గిన్నెలు ఇంకెవరూ కొనరు. అల్లుడు ఎలాగూ ఒప్పుకున్నాడు. నాన్న ఆ రోజు మాటను వేళాకోళం అనుకునే ఉంటాడు. ఇంత లెక్కా కట్టి, మూడు గిన్నెలు మిగుల్చుకోవడానికి మూడు వందల గిన్నెల మీదా విజయవాడ అని వేశాను. మూడు రోజులు పట్టింది. అక్షరాలు చాలా చక్కగా కుదిరాయి కూడా.

పెద్దకర్మ రేపనగా మధ్యాహ్నం గోతాల్లో వేసి రిక్షాలో తీసుకెళ్ళాను. సావిట్లో ఒక మూల చాప మీద సామ్రాజ్యమ్మ గారు కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. అల్లుడూ, నాన్నా గోతాలు విప్పి గోడవారన పేరుస్తున్నారు. ఆవిడ చెయ్యి చాపి, ఏదీ, ఒకటిలా ఇవ్వండి అంది. నాన్న ఒకటి తుడిచి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చూడలేదు. బొటనవేలితో తడిమింది, మా అమ్మ చేటలో రాయి కోసం తడిమినట్టు. ఒకసారి, రెండోసారి. అప్పుడు వెలుగు వైపు తిప్పి చూసింది.

"ఇదేం ఊరు శెట్టిగారూ?"

నాన్న తీసుకుని చదివాడు. చదివి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, నాన్నకి నమ్మకం కుదరక ఇంకోసారి చదువుకున్నాడు. అల్లుడు పాపం నన్ను కాపాడబోయి, విజయవాడ అని ఉందండీ అత్తయ్యగారూ, బాగుంటుందని నేనే వేయించమన్నాను అన్నాడు.

"నాకు చదువు రాదు బాబూ. మా ఊరు మాత్రం నాకు తెలుసు. రెండోదీ నాలుగోదీ ఒక్కలాగే ఉంటాయి. నలభై ఏళ్ళబట్టి తోముతున్నా." గిన్నెను కింద పెట్టింది. "ఇందులో ఏ రెండూ ఒక్కలాగ లేవు."

మాట్లాడకుండా ఉండలేనిది నేనొక్కణ్ణే. సాయంత్రానికల్లా అన్నిటి మీదా పక్కన పటమట అని కూడా వేసేస్తాను పిన్నిగారూ, ఊరికేనే వేస్తాను అన్నాను. ఊరికేనే అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ, ఇక్కడ కూడా ధర చెప్తున్నానని నాకు తెలియలేదు.

"ఊరు ఊరికే వస్తుందా నాయనా," అంది సామ్రాజ్యమ్మ గారు. కోపంగా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు. తర్వాత నన్ను వదిలేసి కూతుర్ని పిలిచింది. "కొట్టుగది తాళం తియ్యవే. మన సామానంతా బయట పెట్టించు. రేపు వచ్చినవాళ్ళకి అవే ఇద్దాం. వాటి మీద ఆయన పేరూ ఉంది, ఊరూ ఉంది."

అల్లుడు వద్దన్నాడు, కూతురు ఏడ్చింది, నాన్న చేతులు జోడించి, రేపటికల్లా వేరే గిన్నెలు తెప్పించి నేనే దగ్గరుండి వేయిస్తానన్నాడు. ఆవిడ వినలేదు. ఆయన చెప్పిపోయాడు శెట్టిగారూ, అయిదోది ఉంటే తీసుకోవద్దన్నాడు అంది. వేళాకోళం అనుకున్న మాటను ఆయన ఇంట్లో నిజంగానే చెప్పిపోయాడన్నమాట.

మర్నాడు పటమట మొత్తం వచ్చింది. భోజనాలయ్యాక ఆవిడ చెప్పినట్టే కొట్టుగదిలోవి ఒక్కొక్కటే చేతుల్లో పెట్టారు. కంచాలు అయిపోయాక గ్లాసులు, గ్లాసులు అయిపోయాక గిన్నెలు, డబ్బాలు, గరిటెలు. ఈ ఊరిని నేను ఊరికే విసుక్కోను. నలభై ఏళ్ళు ఆ కంచాల్లోనే తిన్న మనుషులు, పోయినాయన డబ్బా చేతిలో పెడితే దీని మూతేదండీ అని అడిగారు. ఒకావిడ తనకొచ్చిన గ్లాసుకి సొట్టుందని మార్చుకుంది. వాళ్ళను తిట్టుకుంటూ నేను గోడ పక్కన నిలబడ్డాను. ఎవర్ని తిట్టుకోవాలో నాకు సరిగ్గా తెలుసు కాబట్టి మిగిలిన అందర్నీ తిట్టుకున్నాను. ఆఖర్న వంటింట్లోవి కూడా బయటికొచ్చాయి. ఎన్నడూ లెక్క తప్పనివ్వని ఆవిడ ఆ రోజు ఒక్కటి కూడా లెక్క పెట్టలేదు.

ఇంటికి వస్తుంటే నాన్న ఎన్ని గిన్నెలు వేశాక గుర్తొచ్చిందిరా అని అడిగాడు. అసలు గుర్తొచ్చిందా అని అడగలేదు. కొడుకు సంగతి ఆయనకి తెలుసు. మూడు అన్నాను. కాసేపు నడిచాక, "మూడే కదరా. ఇంట్లో వాడుకునేవాళ్ళం," అన్నాడు. సుబ్బాయమ్మ కంచంలో తిని పెరిగినవాడికి ఆ ఆలోచన ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా వంటింట్లో తప్పులకి ఎప్పుడూ చోటుండేది.

వెనక్కి వచ్చిన మూడు వందల గిన్నెలనీ నాన్న తుక్కుకి వేయనివ్వలేదు. పున్నయ్య గారి పేరును తుక్కు కాటాలో పెట్టనన్నాడు. వాటి మీద విజయవాడ అన్నచోట సూదితో అడ్డంగా నిలువుగా గీసి, అక్షరాలు కనపడకుండా చేయమన్నాడు. వేయడానికి మూడు రోజులు పట్టినవి చెరపడానికి నెల పట్టాయి. మనిషి పేరు ఉండి, ఊరు ఉండాల్సినచోట గరుకు మచ్చ ఉన్న ఆ గిన్నెలను ఒక పిల్లల హాస్టలుకి ఇచ్చేశాం. ఆ రోజు నుంచీ మా కొట్లో అక్షరాలకి డబ్బు తీసుకోలేదు. ఉచితమని తెలిశాక పటమటవాళ్ళు ఇంటి పేర్లు, గోత్రాలు కూడా వేయించుకున్నారు.

ఆ శ్రావణంలో వీధిలో పెళ్ళి వచ్చింది. అలవాటు కొద్దీ కంచాల కోసం సామ్రాజ్యమ్మ గారింటికి వెళ్ళి, ఖాళీ గది చూసి తిరిగొచ్చారు. పందిరి సామానువాడి దగ్గర అద్దెకి తెచ్చుకున్నారు. వాడి కంచాల మీద వాడి పేరుంది, ఫోను నంబరుంది. తర్వాత పెళ్ళికి కాగితం ప్లేట్లు. ఆ తర్వాత నిలబడి తినడాలు. గేదెల పాకలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటికి నోరు తిరగని పేర్లు పెట్టారు. నిలబెట్టి పలకమంటే కట్టినవాడే పలకలేడు. పై ఇంట్లో వాళ్ళ కూర వాసన కింది ఇంటికి వస్తుంది గానీ గిన్నె రాదు. బస్సు కండక్టర్లు కూడా పటమట అని అరవడం మానేసి బెంజ్ సర్కిల్ అనడం మొదలుపెట్టారు. ఇప్పుడా సర్కిల్ నెత్తిన వంతెన కూడా వేశారు. దాని మీద పోయేవాడికి కింద ఏ ఊరుందో తెలియాల్సిన పనే లేదు.

పెద్దకర్మ అయిన రెండు నెలలకి సామ్రాజ్యమ్మ గారు మా కొట్టుకి వచ్చింది. వేరే కొట్టుకి వెళ్తుందనుకున్నాం, రాదనుకున్నాం. వచ్చింది. రెండు కంచాలు, రెండు గ్లాసులు, ఒక గిన్నె తీసుకుంది. ధర అడగలేదు, వన్‌టౌన్ మాట ఎత్తలేదు. పటమట ఆడమనిషి బేరమాడకపోతే ఎంత భయంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను మిషను తీసి, పటమట అనే వేస్తాను పిన్నిగారూ, నాలుగే అన్నాను. ఆవిడ నా చేతిలోంచి కంచం తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"పేరెందుకులే అబ్బాయ్. ఇవి ఇంకొకరింటికి వెళ్ళేవి కావుగా."

ఇక లెక్క చూద్దాం. పటమటను నేను తుడిచేశానన్నది ఉత్త కోత, అంత మొనగాణ్ణి కాను. రోడ్డు వెడల్పు చేసినవాళ్ళున్నారు, ప్లాట్లు కొన్నవాళ్ళున్నారు, అమ్మినవాళ్ళున్నారు. పక్కావిడ వేయించుకుందని తామూ వేయించుకున్నవాళ్ళున్నారు. నేను పుట్టకపోయినా ఊరు ఇలాగే అయ్యేది, కాగితం ప్లేట్లు ఇంకో అయిదారేళ్ళు ఆగి అయినా వచ్చేవి. వాటాలన్నీ ఎవరివి వాళ్ళకి పంచేస్తే నా పేరు కింద మిగిలేది చిన్నదే. మూడు గిన్నెలు దండగవుతాయని ఒక పెద్దాయన చివరి కోరిక కాదన్నాను. దానివల్ల ఆయన భార్య నలభై ఏళ్ళు లెక్క పెట్టుకున్న సామాను ఒక్క పూటలో పంచిపెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఇంటి గిన్నె పొరుగింటికి వెళ్ళలేదు. ఇంతే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎంతో కొంత తగ్గించకుండా ఏ ధరా ఒప్పుకోనివాణ్ణి, దీన్ని కూడా ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూశాను. తగ్గించడానికి ఇందులో ఏమీ లేదు.